గురప్ప నీడ

అరబ్బు దేశంలోని అబ్బాసియా పేటలో ఎండాకాలపు సాయంత్రాలు ఓబులేసు కుట్టుదుకాణం ముందు ఎప్పుడూ ఒకే తీరుగా గడిచేవి. బేల్దారి పని ముగించుకుని కంపెనీ బండి దిగిన గురప్ప, సిమెంటు చేతులతోనే వచ్చి దుకాణం మెట్టు పక్కన నిలబడేవాడు. అతని నీడ నేల మీద పరుచుకునేది. అది కొత్తకుండలో నీళ్లలా చల్లగా ఉండేది. కొత్తిమీర అమ్మే మలబారు మనిషి వాడిపోతున్న కట్టలను తెచ్చి ఆ నీడ భుజం మీద పేర్చేవాడు. పసిబిడ్డల తల్లులు తుండుగుడ్డలు పరిచి, ఒళ్లంతా పేలిన బిడ్డలను దాని ఛాతీ మీద పడుకోబెట్టేవారు.

"గురప్పన్నా, రోంత ఇటు తిరుగు, పాప కాళ్లకు ఎండ తగులుతాంది" అని ఎవరో అనేవారు. గురప్ప తిరిగేవాడు.

నడిమధ్యాహ్నం అందరి నీడలూ కుంచించుకుపోయి కాళ్ల కింద దాక్కునే వేళలో కూడా అతని నీడ నిలువెత్తు మనిషంత పొడవునా పడుకుని ఉండేది. ఎందుకని ఎవరూ అడగలేదు. కొందరి చేతిలో మొక్క బతుకుతుంది, కొందరి గొంతులో పాట నిలుస్తుంది. గురప్పకు నీడ చల్లన. అంతకుమించి ఆలోచించడానికి ఆ వీధిలో ఎవరికీ తీరిక లేదు.

ఓబులేసుదీ గురప్పదీ కడప జిల్లాయే. దుకాణం వెనక గదిలో వాళ్లిద్దరూ చాలా ఏళ్లుగా కలిసి ఉంటున్నారు. ఒకరు వండితే ఒకరు గిన్నెలు తోమేవారు. ఒకరికి జ్వరమొస్తే ఒకరు పని మానేవారు. ఆలుమగల మధ్య ఉండేదేదో ఆ ఇద్దరు మగవాళ్ల మధ్య ఉంది. దానికి వాళ్లు పేరు పెట్టుకోలేదు, పెట్టుకోవలసిన అవసరమూ కలగలేదు. ఆ ఊరు మనుషులను రెండే రెండు రకాలుగా ఎంచేది. పెళ్లాన్ని తెచ్చుకున్నవాడు ఫ్యామిలీ. తెచ్చుకోనివాడు, ఊళ్లో నలుగురు పిల్లలున్నా సరే, బ్యాచిలర్. గదులు, హోటళ్లు, బస్సులు అన్నీ ఈ లెక్కనే నడిచేవి. తిమ్మయ్య మెస్సులో కూడా నడుమ ఒక పరదా ఉండేది. అటు ఫ్యామిలీలు, ఇటు బ్యాచిలర్లు. ఇటువైపు బల్ల దగ్గర ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని సంగటి తినిపోతుంటే, ఎవరికేది తెలిసినా తెలియనట్టే ఉండేవారు. తెలియనట్టుండడం కూడా ఒక మర్యాదే. కాకపోతే ఆ మర్యాద ఎంత పలచని గుడ్డతో కుట్టిందో అది చిరిగినప్పుడు గాని తెలియదు.

ఓబులేసుకు చక్కెరజబ్బు. రోజూ సూదిమందు వేసుకోవాలి. మందు సీసా చల్లగా లేకపోతే చెడిపోతుంది. దుకాణంలో ఫ్రిజ్జు లేదు గనుక, అది తిమ్మయ్య మెస్సు ఫ్రిజ్జులో పెరుగు గిన్నెల పక్కన ఉండేది.

ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారుజామున ఇరాకు ట్యాంకులు ఊళ్లోకి వచ్చాయి. కొద్దిరోజుల్లోనే కంపెనీలు మూతపడ్డాయి, పనిచ్చిన అరబ్బు కఫీళ్లు సౌదీకి పారిపోయారు, జమియా దుకాణాల ముందు రొట్టె కోసం వరసలు పెరిగాయి. ఒక ఉదయం సైనికులు ఆయుధాల కోసం వీధి మొత్తం సోదా చేశారు. అందరినీ బయట గోడవారగా నిలబెట్టి, గదుల్లోని సామాను రోడ్డు మీదికి విసిరేశారు. ఓబులేసు గదిలోంచి ఒకే ఒక పరుపు వచ్చిపడింది. దాని వెంట ఒకే ఒక దిండు వచ్చింది. కొత్తగా పెళ్లయినవాళ్లకు కుట్టినట్టు పొడవాటి దిండు, రెండు తలలకు సరిపోయేది. ఓబులేసు తన చేత్తోనే దాని అంచులకు కుచ్చులు కుట్టాడు. ఒక సైనికుడు దాన్ని కత్తితో చీల్చి, దూది తప్ప ఏమీ లేదని చూసి, ముందుకు పోయాడు. అతనికి అది దిండు మాత్రమే. గోడవారగా నిలబడ్డ వీధికి మాత్రం అది దిండు కాలేదు.

రెండోనాడు తిమ్మయ్య మెస్సు వాకిట్లోనే వాళ్లను ఆపాడు.

"ఓబులేసూ, వేరేగా అనుకోవాకు. నాకేమీ లేదు. బ్యాచిలర్ల పక్క కూర్చునేటోళ్లు మీరొస్తే ఒప్పుకోమంటాండారు."

"పరదాకు ఆ పక్క కూర్చుంటాంలే" అన్నాడు ఓబులేసు.

"ఆ పక్క ఆడోళ్లుంటారు గదప్పా."

"మేము ఆడోళ్లను చూస్తామనా నీ భయం?" అన్నాడు గురప్ప.

తిమ్మయ్యకు నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గుపడి, లోపలికి పోయి మందు సీసా తెచ్చి ఓబులేసు చేతిలో పెట్టాడు. "ఇది ఉంటే ఎవురూ పెరుగు ముట్టరంట. తీస్కపో."

ఆ తర్వాత మంగలి తన కుర్చీ ఖాళీ లేదన్నాడు, కుర్చీ ఖాళీగానే ఉంది. కిరాణం కొట్టువాడు బియ్యం అయిపోయాయన్నాడు, బస్తా అతని వెనకనే ఉంది. అందరూ ఒకే మాట అన్నారు: నాకేమీ లేదు, మిగతావాళ్లు ఒప్పుకోవడం లేదు. ఆ మిగతావాళ్లు ఎవరో ఓబులేసు ఎంత వెతికినా దొరకలేదు. ఎవరిని అడిగినా వాళ్లు ఇంకొకరిని చూపించేవారు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఏ దేశపు చట్టం నడుస్తోందో చెప్పగలవారు లేరు. పాత పోలీసు లేడు, పాత కోర్టు లేదు. కానీ అవి ఉన్న కాలంలో మాత్రం, దుకాణం తెరిచి కూర్చున్నవాడు వచ్చినవాడికి సరుకివ్వాలని ఏ చట్టంలో రాసి ఉంది? వాకిట్లో నిలబడ్డవాడి నోటిమాటే అప్పుడూ చట్టం, ఇప్పుడూ చట్టం. యుద్ధం దాన్ని కొత్తగా తేలేదు, పైనున్న ముసుగు తీసింది, అంతే.

విచిత్రమేమంటే, తల్లులు మాత్రం రావడం మానలేదు. వచ్చి, ఓబులేసు వైపు చూడకుండా బిడ్డలను గురప్ప నీడలో పడుకోబెట్టి, వేడి తగ్గాక ఎత్తుకుపోయేవారు. కరెంటు పోతూ వస్తూ ఉన్న ఆ రోజుల్లో మందు సీసాకు కూడా ఆ నీడే దిక్కయింది. పనిలేని గురప్ప పొద్దంతా వాకిట్లో కదలకుండా కూర్చునేవాడు. సీసా నీడ గుండె దగ్గర ఉండేది. అదే ఆఖరి సీసా. ఫర్వానియా ఆసుపత్రిలో ఇక లేదన్నారు. అది అయిపోయేలోపు ఈ దేశం దాటకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు, ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

దాటడానికి ఉన్న దారి ఒక్కటే. బస్సెక్కి బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాను రాజధాని అమ్మాన్ చేరాలి. అక్కడినుంచి విమానాలున్నాయి. యుద్ధానికి ముందు ఫర్వానియా నుంచి ఆఫీసులకు మనుషులను చేరవేసే బస్సులు నడిపిన గోదావరి జిల్లా ఆసామి వెంకటసత్యనారాయణ, తన దగ్గర మిగిలిన రెండు బస్సులనూ సరిహద్దుకు పంపుతున్నాడని తెలిసింది. పొద్దున్నే మూటాముల్లెతో ఇద్దరూ బడి పక్క ఖాళీస్థలానికి చేరుకున్నారు. ముందు బస్సు కిటికీల నిండా ఆడవాళ్లు, పిల్లలు. వెనక బస్సు ఇంకా నిండుతోంది.

వెంకటసత్యనారాయణ వాళ్లను దూరంనుంచే చూసి ఎదురొచ్చాడు. చేతులు కట్టుకుని ఎంతో మన్ననగా మాట్లాడాడు.

"చూడండి ఓబులేసు గారూ, నా మనసులో ఏమీ లేదండి. ఒక బస్సు ఫ్యామిలీలకండి, ఒకటి బ్యాచిలర్లకి. మీరిద్దరూ దేని కిందికొస్తారో నాకు బోధపడ్డం లేదండి."

"మేము బ్యాచిలర్లమే గదా సార్. ఇఖామా కార్డులో అట్లే ఉండాది."

"ఇఖామాలో ఉందండి. బస్సులో కూర్చున్నవాళ్లు కాదంటున్నారు."

"మనుషుల బస్సేదీ రాదా సార్?" అన్నాడు గురప్ప.

"వేళాకోళానికి ఇది టైము కాదండీ."

ఓబులేసు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. మందు సీసా తీసి చూపించాడు. జబ్బు సంగతి చెప్పాడు. బస్సు పైన సామాన్ల మధ్య పడుకుంటానన్నాడు, నిలబడే వస్తానన్నాడు, ఎవరితోనూ మాట్లాడనన్నాడు. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. వెంకటసత్యనారాయణ బాధగానే విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

ముందు బస్సు కిటికీలోంచి ఒక తల్లి అడిగింది. "గురప్పన్న నీడ లేకుంటే ఎడారిలో ఈ పసిబిడ్డలతో ఎట్లా సార్?"

ఆయన కిటికీల్లోని పిల్లల వైపు చూశాడు. "అయితే గురప్ప ఒక్కడూ ఎక్కొచ్చండి. ముందు వైపు కూర్చోవాలి, పిల్లల దగ్గర. ఒక్కడే."

"నన్నెందుకు సార్" అన్నాడు గురప్ప, "నీడనే కోసుకొని తీస్కపోండి."

ఓబులేసు లేచి అతన్ని బడిగోడ చాటుకు లాక్కుపోయాడు.

"ఎక్కు."

"మందు యాడ పెట్టుకుంటావు?"

"తడిగుడ్డ చుడతా. ఎండినప్పుడల్లా తడుపుకుంటా."

"నేను పోను. ఊరుకో."

"పోకుండా ఏం చేస్తావు? నా పక్కన కూర్చొని నేను సచ్చేది చూస్తావా?"

గురప్ప మూట దించి గోడవారగా పెట్టాడు. అతను కదలడని ఓబులేసుకు తెలుసు. కట్టిన గోడలాంటి మనిషి, మామూలు మాటకు బీటవేయడు. అందుకే ఓబులేసు మామూలు మాట కానిది వెతికి పట్టుకున్నాడు.

"నువ్వు పక్కనుంటేనే గదరా నాకీ గతి. నువ్వు లేకుంటే నేను వట్టి బ్యాచిలర్ని. అంతమందిలో ఒకన్ని. వెనక బస్సులో నన్నెవుడు అడుగుతాడు? నీ పీడ వదిలితే నాకు సీటొస్తాది."

పీడ అన్న మాట నోరు దాటాక గాని దాని బరువు అతనికి తెలియలేదు. అయితే మిగతాదంతా అబద్ధమని కూడా చెప్పలేం. విడివిడిగా అయితే ఇద్దరూ బతుకుతారేమోనన్న ఆశ అతనిలో నిజంగానే ఉంది. గురప్ప అతని ముఖంలోకి, తూకంగుండు వేసి గోడ నిలువు చూసినట్టు, చాలాసేపు చూశాడు.

"సరే" అన్నాడు. "అమ్మాన్‌లో ఉంటా."

అతను బస్సెక్కాడు. నీడ ఎక్కలేదు.

మెట్టు దగ్గర దాని కాళ్లు అతని కాళ్లతోనే పైకి పోయాయి గాని, తల మాత్రం ఓబులేసు పాదాల దగ్గరే నేలను పట్టుకుని ఉండిపోయింది. బస్సు కదిలింది. బట్టల తానులోంచి గుడ్డ లాగుతున్నట్టు నీడ సాగడం మొదలుపెట్టింది. బడి మలుపు తిరిగింది, వంతెన ఎక్కింది, ఉత్తరానికి పోయే పెద్దరోడ్డు మీద పడింది. ఎంత సాగినా తెగలేదు. నిలబడ్డవాళ్లు దాన్ని తొక్కకుండా పక్కకు జరిగి తమ మూటలు సర్దుకున్నారు.

ఓబులేసు వెనక బస్సు దగ్గరికి నడిచాడు. మెట్టు మీద తిమ్మయ్య నిలబడి ఉన్నాడు, మెస్సు మూసేసి అతనూ పోతున్నాడు.

"వాడు పోయినాడు తిమ్మయ్యా. ఇప్పుడు నేనొక్కన్నే."

"వాడు పోతే నువ్వు మారిపోతావా?" అన్నాడు తిమ్మయ్య. గొంతులో కోపం లేదు. "దోవ పొడుగునా ఒకే క్యాను నీళ్లు ఇంతమందీ తాగాల. నాకేమీ లేదు ఓబులేసూ. వీళ్లు..."

"మూడో బస్సేదైనా దొరికితే చూద్దామండి" అన్నాడు వెంకటసత్యనారాయణ. మూడో బస్సు లేదని ఆయనకూ తెలుసు, వింటున్నవాడికీ తెలుసు.

ఆ బస్సు కూడా పోయాక ఖాళీస్థలంలో దుమ్ము చాలాసేపు నిలబడింది. ఓబులేసు నీడ తల పక్కన కూలబడ్డాడు. సీసాను దాని మీద పెట్టాడు. తనకు ఈ లోకంలో ఉన్న ఒక్క మనిషినీ పీడ అని పంపేశాడు. పంపినందుకు అనుకున్నది జరిగిందా అంటే, అదీ జరగలేదు. ఏడుద్దామన్నా, ఒంట్లో నీళ్లు దండగ చేయకూడదన్న తెలివి అడ్డం పడింది. ఇక్కడే, ఈ చల్లని తలకు ఆనుకుని, సీసా అయ్యేదాకా ఉండి, ఆపైన ఏదైతే అది కానీ అనుకున్నాడు. ఆ ఆలోచనలో ఒక సుఖం కూడా ఉంది. అది చూసి అతనికే భయమేసింది.

ఎండ ఎక్కుతున్న వేళ పెద్దక్క వచ్చింది. రాయచోటి పక్క మనిషి. ఒక పెద్దింట్లో పనిచేసేది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, పిల్లలతో సౌదీకి పారిపోతూ ఈమె పాస్‌పోర్టు కూడా పెట్టెలో పెట్టుకుపోయింది. ఏ బస్సూ ఎక్కించుకోని పనిమనుషులు ఇంకొందరు ఆమె వెంట ఉన్నారు.

"ఓబులేసన్నా, ఈ నీడ యాడిదాకా ఉండాది?"

"బస్సు యాడిదాకా పోతే ఆడిదాకా."

"తెగిపోదా?"

"తెలీదు."

ఆమె చెప్పులు విడిచి ఒక కాలు నీడలో పెట్టి చూసింది. "అబ్బ" అంది. రెండో కాలూ పెట్టింది. "లెయ్. బస్సులో తోలుకపోకుంటే నడిచే పోదాం. కూర్చుంటే ఎవురొచ్చి ఎత్తుకపోతారు నిన్ను?"

ఓబులేసు లేచాడు. లేవడానికి కారణమేమిటని తర్వాత అడిగితే అతను చెప్పలేకపోయేవాడు. ఆమె గద్దించింది గనుక లేచాడు, అంతే.

అలా నడక మొదలైంది. రోడ్డుకు రెండువైపులా ఇసుక వేడికి మరుగుతున్నట్టు కదిలేది. నీడలో మాత్రం అలికిన ఇంటి నేలలా ఉండేది. సిలోను పనిమనుషులు వచ్చి కలిశారు. గొర్రెలను వదిలి వచ్చిన బెంగాలీ కాపరి కలిశాడు. నీ పేరేమిటి, ఎవరితో ఉంటావు, ఏ రకం మనిషివి అని నీడ అంచున నిలబడి అడిగేవారు ఎవరూ లేరు. కాళ్లు కాలుతున్నవాళ్లు లోపలికి వచ్చారు. చోటు చాలకపోతే ముందువాళ్లు రవంత జరిగారు. ఏ ఊళ్లోనైనా వాకిలి ఇలాగే ఉండొచ్చు గదా అని ఓబులేసుకు తోచింది. తోచి, ఆ వెంటనే పోయింది. దప్పిక అన్ని ఆలోచనలనూ తుడిచేస్తోంది.

జహరా ఊరు దాటేసరికి నీడ తువ్వాలంత సన్నబడింది. ఒకరి వెనక ఒకరు నడవవలసి వచ్చింది. మర్నాటికి కొలతల టేపంత అయింది. ఒక్క పాదం పట్టేది, రెండోది కాలేది. బస్సు చాలా దూరం పోయిందని దానర్థం. ఓబులేసు చేతిలో సీసా గోరువెచ్చనైంది. ఆ పొద్దు సూది వేసుకున్నా కళ్ల ముందు చుక్కలు తిరగడం ఆగలేదు. ఇసుకలో కూర్చుండిపోతే పెద్దక్క జబ్బ పట్టుకుని లేపింది.

"పడుకుంటే తంతా" అంది.

కొంతదూరం పోయాక రోడ్డు పక్కన కొందరు మగవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని ఎండలో కూర్చుని కనిపించారు. వెనక బస్సు వాళ్లే. సైనికులు దోవలో ఆపి, అందరినీ దించి, బస్సును తమకోసం తీసుకుపోయారు. తిమ్మయ్య పెదవులు పగిలి ఉన్నాయి. అతను లేచి వచ్చి నీడకు జానెడు దూరంలో ఆగాడు. లోపలికి కాలు పెట్టలేదు. ఓబులేసు ముఖంలోకీ చూడలేదు.

"ఏందప్పా తిమ్మయ్యా" అంది పెద్దక్క, "ఇది ఫ్యామిలీ నీడా, బ్యాచిలర్ నీడా అని చూస్తాండావా?"

అందరూ ఓబులేసు వైపు చూశారు. అతని నోట్లోకి ఒక మాట వచ్చింది. 'నాకేమీ లేదు తిమ్మయ్యా, వీళ్లు ఒప్పుకోరు.' ఆ మాటను నాలుక మీద కాసేపు ఉంచుకున్నాడు. ఎంత రుచిగా ఉందో తెలిసింది. ఇన్నాళ్లూ దాన్ని తనతో అన్నవాళ్లకు కూడా ఇంత రుచిగానే ఉండి ఉంటుంది. అతను దాన్ని అనలేదు, రమ్మని కూడా పిలవలేదు. మింగి, ముందుకు నడిచాడు. వెనక ఎవరు కాలు పెట్టారో, ఎవరు ఎండలోనే నడిచారో తిరిగి చూడలేదు. క్షమించేంత శక్తి అతనిలో మిగిలి లేదు.

ఆ సాయంత్రమే అతని రెండో పాదానికీ చల్లదనం తగిలింది.

మొదట నమ్మలేదు. వంగి చేత్తో తడిమి చూశాడు. టేపంత ఉన్నది జానెడైంది. మరికాస్త దూరంలో మళ్లీ తువ్వాలంత అయింది. సీసా మెల్లగా చల్లబడసాగింది. పెద్దక్క, సిలోను పిల్ల పక్కపక్కన నడవసాగారు. నడక సులువైనందుకు మూటలు మరో భుజానికి మార్చుకున్నారు.

ఓబులేసు ఒక్కడే నిలబడిపోయాడు. కుట్టుపని చేసినవాడు అతను. లాగి పట్టుకున్న గుడ్డ ఎప్పుడు వెడల్పవుతుందో తెలుసు. అవతలి కొస పట్టుకున్నవాడు ఇటు వస్తేనే అవుతుంది. సరిహద్దు దగ్గర వరసలో ఆగిన బస్సును ఊహించుకున్నాడు. నీడ యాడ పెట్టినావన్నా అని తల్లులు అడిగి ఉంటారు. గురప్ప వెనక్కి తిరిగి రోడ్డును చూసి ఉంటాడు. చూసినవాడు సీటులో ఉండడు.

మర్నాటి పొద్దున నీడ బండిబాటంత అయింది.

"ఎదురుగా ఎవురో వస్తాండారన్నా" అంది పెద్దక్క, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని. "లోకమంతా అటు పోతావుంటే, ఈ మనిషికేం పుట్టిందో ఇటొస్తాండాడు."

"దిగినాడు ఎదవ" అన్నాడు ఓబులేసు. "ఉన్న ఒక్క సీటూ పోగొట్టినాడు."

సరిహద్దు ఇంకా చాలా దూరం ఉంది. ఇక ఇద్దరికీ బస్సు లేదు. తిట్టవలసింది చాలా ఉంది, అంతకంటే ముందు వెనక్కి తీసుకోవలసిన మాట ఒకటి ఉంది. దాన్ని ఎలా మొదలుపెట్టాలో తెలియక, బొబ్బలెక్కిన కాళ్లతోనే, అతను అందరికంటే ముందుకు నడవసాగాడు.